చివరి అధ్యాయానికి రబ్బరు బ్యాండు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, అత్తయ్య క్షేమం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి కూడా క్షేమం. మీరూ, మీరు కడుతున్న వంతెనా కులాసా అని తలుస్తాను.

ముందే ఒక మాట. ఈ ఉత్తరాన్ని మొదటి నుంచి వరసగా చదవండి. కవరు చింపగానే చివరి కాగితం తిప్పి చూసి, ఎవరికీ ఏం కాలేదని తేల్చుకుని, ఆ తర్వాత తీరిగ్గా మొదటికొచ్చే అలవాటు మీకుందని పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. ఈసారి అలా చేశారంటే నా మీద ఒట్టే.

అమ్మ సరిగ్గా తింటోందా అని అడిగారు. తింటున్నారు. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం నన్ను. కొత్త మంచం వచ్చిందా అన్నారు. వచ్చింది, కానీ గుమ్మంలో పట్టలేదు. వడ్రంగి దాని కాళ్ళు ఊడదీసి, లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ బిగించాడు. కళ్ళ డాక్టరు ఏమన్నాడన్నారు. శుక్లానికి ఇప్పుడే తొందరలేదట, కొన్నాళ్ళు ఆగి ఆపరేషన్ చేస్తాడట, అంతవరకూ చిన్న అక్షరాలు చదవొద్దన్నాడు. ఆ ఆఖరి మాట మీ అమ్మగారు చెవిన వేసుకుంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేదే కాదు.

ఇక అసలు సంగతి. "నేను సెలవు మీద వచ్చేలోగా ఆ పుస్తకాలన్నీ ఎవరికైనా ఇచ్చేసి, ఆ గది అమ్మకి సర్దిపెట్టు" అని రాశారు. ఎంత తేలిగ్గా రాశారండీ! దాని కిందే "నా రేడియోల పెట్టె జాగ్రత్త" అని రాసి గీత కూడా గీశారు. నా పుస్తకాలకు గీత లేదు, జాగ్రత్తా లేదు. మీ ఉత్తరం అందిన రోజు మన మందుల షాపులో ఒకాయన దగ్గు మందు అడిగితే నిద్ర మాత్రలు తీసిచ్చాను. నయం, ఆయన చూసుకున్నాడు.

నా సంగతి మీకు తెలియనిదా? చిన్నప్పుడు పొట్లం కట్టి వచ్చిన కాగితం కూడా చదివాకే పారేసేదాన్ని. మనం మొదటిసారి కలిసినప్పుడు మీరు "ఏం చదివారు?" అంటే డిగ్రీ చెప్పకుండా నవలల పేర్లు చెప్పుకుంటూ పోయానని మీరు ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తారు. నాకు పెద్ద రుచులేం లేవు. ప్రేమించుకునేవాళ్ళు బాగా పోట్లాడుకోవాలి. ప్రయాణాల పుస్తకమైతే రాసినాయన ఒక్కసారైనా దారి తప్పాలి. ముందుమాట పుస్తకం కన్నా పొడుగుంటే గిట్టదు. జీవితంలో పైకి రావడమెలాగో చెప్పే పుస్తకాలు అసలే గిట్టవు. ఆ జాతిది మీరు కొన్నది ఒక్కటే ఉంది మనింట్లో. కుంటి బల్ల కాలి కింద పెట్టాను. బల్ల మాత్రం పైకొచ్చింది.

అరలు కూడా షాపులో మందులు సర్దినట్టే సర్దుకున్నాను, ఏ జబ్బుకి ఏది అని చీటీ అంటించి. "జలుబు చేసినప్పుడు". "ఎవరితోనూ మాట్లాడబుద్ధి కానప్పుడు". "ఆయన ఫోన్ ఎత్తనప్పుడు". ఇవన్నీ మీకు తెలిసినవే. కింది వరసలో, మీరు ఎప్పుడూ వంగి చూడని చోట, ఇంకొకటుంది. "అత్తగారు వచ్చినప్పుడు". అత్తయ్య వచ్చే హడావిడిలో దుప్పట్లు మార్చాను, కిటికీలు తుడిచాను, ఆ చీటీ ఒక్కటి పీకడం మర్చిపోయాను.

మొదటి రోజే అత్తయ్య వంగి చూశారు. భూతద్దం పెట్టి మరీ చదివారు.

"ఏమ్మా, ఈ అరలో అన్నీ హత్యలేనా?"

"అబ్బే, రెండు మూడు దొంగతనాలు కూడా ఉన్నాయత్తయ్యా."

"అంటే నేనొస్తే నీకు మనుషుల్ని చంపాలనిపిస్తుందన్నమాట."

"చంపాలని కాదు, చంపినవాళ్ళని పట్టుకోవాలని." ఇంతకన్నా మంచి జవాబు తోచలేదు. తోచి ఉంటే మాత్రం ఆవిడ ఊరుకునేవారా?

ఊరుకోలేదు. మర్నాటి నుంచి యుద్ధం. మీ అమ్మగారు ఏ పుస్తకం తీసినా ముందు ఆఖరి పేజీలే చదువుతారని అప్పుడే తెలిసింది నాకు. నేను షాపుకెళ్ళగానే ఒక హత్య తీసి, చివర రెండు పేజీలు చదివి, భోజనానికి నేను పక్కన కూర్చోగానే తాపీగా అనేవారు, "డ్రైవరేనే." ఇంకో రోజు, "డాక్టరు. మొహం చూస్తేనే తెలుస్తోంది." నేను సగంలో ఉన్నవి ఏరి మరీ చదివేవారు. అన్నం ముందు కూర్చుని చెవులు మూసుకున్న కోడలు లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నా జబ్బు ఇంకో రకం. హత్యలైతే చివరిదాకా చదువుతాను కానీ, మరీ నచ్చిన నవల ఉంటుంది చూడండి, దాని చివరి అధ్యాయం చదవను. చదివితే అయిపోతుందిగా! ఆ మనుషులు మళ్ళీ ఎక్కడ దొరుకుతారు? అందుకే షాపులో మాత్రల అట్టలకు వేసే రబ్బరు బ్యాండొకటి తెచ్చి ఆ చివరి పేజీలకు వేసేస్తాను. నవ్వకండి. మీరు కూరలో ముక్కలు చివరికి దాచుకుని తినరూ? కాకపోతే నేను దాచుకుని తినను, అంతే తేడా.

మీ ఉత్తరం వచ్చిన తర్వాతి రోజు. మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చేసరికి గేటు ముందు తోపుడు బండి. వరండా నిండా నా పుస్తకాలు, కుప్పలు కుప్పలుగా. పాత కాగితాలు కొనే అతను మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మీరు రాశారు కదా, మీ అమ్మగారు కొడుకు మాట పాటించారు. నేను ఏడుస్తూ అడ్డం పడతానని, నేను లేని వేళ చూసి పిలిపించారట.

కానీ అమ్మకం జరగలేదు. ఎందుకంటే అత్తయ్య కిటికీ పక్కన నిలబడి, భూతద్దం పెట్టుకుని, నా ప్రాణంలో ప్రాణమైన నవల చదువుతున్నారు. నాటకాల కంపెనీలో బట్టలు కుట్టే అమ్మాయి కథ అది. మీరు ఆ వంతెన పనికి మొదటిసారి వెళ్ళిన ఏడాది చదివి, చివరికి వచ్చేసరికి ఆపేశాను. రబ్బరు బ్యాండు ఆవిడ చేతికి గాజులా ఉంది!

"అత్తయ్యా, అది తీశారా!"

"తీస్తే ఏం? అంత కట్టుదిట్టంగా కట్టావంటే ముఖ్యమైనదై ఉంటుందని చదివాను. అదుండనీ, ఈ పిల్ల రైల్వే ప్లాట్‌ఫాం మీద కుట్టుమిషన్ని కావలించుకుని ఎందుకేడుస్తోందే? ఆ మిషనెవరిది?"

చెవులు మూసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. వినేశాను. వినగానే కోపం ఎటుపోయిందో, ఎగిరి గంతేసినంత పని చేశాను. "ఇచ్చేసిందా! మిషన్ ఇచ్చేసిందా ఆవిడ!"

"ఎవరే? ఎవరిచ్చారు?"

"చెప్పను."

"ఓసి నీ... చెప్పవే!"

"నా పుస్తకాలు అమ్మబోయినవాళ్ళకి నేను కథ చెప్పను."

అప్పుడు మెట్ల మీద నుంచి అతను టీ గ్లాసు కింద పెట్టి, "అమ్మగారూ, చెప్పేయండి, ఇందాకట్నుంచి పెద్దమ్మగారు నన్ను అడుగుతున్నారు. నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

నవ్వాగలేదు. ముందు మీ అమ్మగారే నవ్వారు, నేను చూశాను. పుస్తకాలన్నీ లోపలికి వెళ్తేనే కథ చెప్తానన్నాను. అత్తయ్య చీర చెంగు బిగించి మొదటి కట్ట తనే ఎత్తారు. ఆ పిల్ల మిషన్ ముట్టుకుంటేనే చేతి మీద కొట్టిన నాటకాల కంపెనీ పెద్దావిడ ఉంది, చచ్చినా మిషన్ ఇవ్వనన్నది ఆవిడే. అది చెప్పేసరికి అరలు సగం నిండాయి.

ఇప్పుడు దాచి లాభం లేదు, చెప్పేస్తున్నాను. కూర్చుని చదవండి. పుస్తకాలన్నీ లోపలికి వెళ్ళాక అతను బండి పట్టుకుని, "మరి నా సంగతేంటమ్మా? పొద్దుట్నుంచి కూర్చోబెట్టి ఉత్త చేతులతో పంపిస్తారా?" అన్నాడు. న్యాయమే కదా. నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య నా వైపు చూశారు. తర్వాత ఇద్దరం కలిసి ఒకే వైపు చూశాం. గది మూలన మీ రేడియోల పెట్టె ఉంది.

అవునండీ. వెళ్ళిపోయింది. ఒక పక్క నేను పట్టుకున్నాను, రెండో పక్క మీ కన్నతల్లి పట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మేమిద్దరం కలిసి ఎత్తిన మొదటి బరువు అదే. బాగుచేస్తా బాగుచేస్తా అంటూ మీరు పోగేసినవాటిలో ఒక్కటైనా పలికిందా చెప్పండి. "వాడు చిన్నప్పుడు గడియారాలు కూడా ఇలాగే విప్పి వదిలేసేవాడు" అని అత్తయ్యే అన్నారు, నేను కాదు. పెట్టె ఉన్నచోట మంచం సరిగ్గా పట్టింది. అత్తయ్యకు గదీ ఉంది, నా పుస్తకాలూ ఉన్నాయి. మీరు అడిగినట్టే సర్దిపెట్టాను, ఖాళీ చేసిన సామాను మాత్రం మారింది. కోపమొస్తే నన్నే తిట్టండి, ఆవిణ్ణి ఏమీ అనకండి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి రాగానే ఆ నవల మొదటి నుంచి ఆవిడకి చదివి వినిపిస్తున్నాను. కళ్ళకు శ్రమ లేదు. కథలో ఆ పెద్దావిడ వచ్చినప్పుడల్లా అత్తయ్య "ఉండు ఉండు, చివర్లో నువ్వే ఇస్తావు" అని మురిసిపోతారు. నిన్నటితో చివరి అధ్యాయం దగ్గరికొచ్చాం. నేను అలవాటు ప్రకారం పుస్తకం మూయబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎందుకే చివరంటే నీకంత భయం?"

"అయిపోతుందని. మీరెందుకు ముందే చూస్తారు?"

నా చెయ్యి వదిలి పుస్తకం అట్ట నిమిరారు. తర్వాత అన్నారు, "ఆ రోజు మీ మామయ్య చెప్పులేసుకుని వెళ్తుంటే నేను పొయ్యి దగ్గర్నుంచి తిరిగి కూడా చూళ్ళేదు. సాయంత్రం వస్తారుగా అనుకున్నా. సాయంత్రానికి కబురొచ్చింది. చివరేంటో ముందే తెలిసుంటే గుమ్మం దాకా వెళ్ళేదాన్ని. అప్పట్నుంచి ఏదైనా సరే, చివర చూసుకోకుండా మొదలుపెట్టను."

ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ఆ మాట అనలేదు. మీతో అన్నారా? పుస్తకం తెరిచి చివరి అధ్యాయం చదివాను. మొదటి సారి చదివాను. అక్షరాలు మసకబారినప్పుడల్లా మీ అమ్మగారు చూడకుండానే తర్వాతి వాక్యం అందించారు.

ఆ పుస్తకాన్ని ఏ అరలో పెట్టాలో ఆవిడే చెప్పారు. "అత్తగారు వచ్చినప్పుడు" అరలో, హత్యల పక్కన. చీటీ పీకుతానంటే వద్దన్నారు.

మీరు ఒట్టు తప్పి ఇక్కడే ముందు చదువుతుంటారని నాకు తెలుసు. ఆ అలవాటు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది కాబట్టి తిట్టను. చూసుకోండి, చివర్లో ఎవరికీ ఏమీ కాలేదు. అందరం ఇంట్లోనే ఉన్నాం. మీరు వచ్చే రోజు ఇద్దరం గేటు దాకా వస్తాం, మళ్ళీ వెళ్ళే రోజూ వస్తాం. ఇంక బెంగ లేకుండా మొదటికెళ్ళి చదవండి. మధ్యలో రేడియోల దగ్గర మాత్రం కాస్త కూర్చోండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు