గోదారిలో మీ ఎకరం

బావగారూ,

ఇది మీకు అందదని తెలుసు. అయినా తిట్టకుండా ఉండలేక రాస్తున్నాను.

గోదారి మధ్య లంకలో రెల్లు పీకి, చేతులు కోసుకుని, ఆ ఇసుక మేటను పొలం చేసింది నేనూ మీ తమ్ముడూ. ఆఫీసుకు వెళ్లి పట్టా మీ పేరున రాయించుకున్నది మీరు. ఇదేంటని అడిగితే, "కాగితం ఎవరిదైతే భూమి వాళ్లదేనమ్మా" అన్నారు.

ఇవాళ రీసర్వేకి సర్వేయరు వచ్చాడు.

"మీ బావగారి ఎకరం ఎక్కడండీ?"

నడి గోదారి చూపించాను. "మొన్న వరదల్లో కోతకి పోయిందండి."

"రికార్డులో ఇంకా ఆయన పేరే ఉందండి."

ఉండనివ్వండి. కాగితం మీదే, భూమీ మీదే. మీ అస్థికలు కలిపింది కూడా ఆ నీళ్లలోనే. ఇక దున్నుకోండి.