మోకు పట్టుకున్న చేతులు

ఫ్రాన్స్, నవంబరు 1918

నాన్నకి,

నిన్న మధ్యాహ్నం నేను రాసిన ఉత్తరం దీనికంటే ముందు అందితే, దాన్ని చర్చిలో చదివి వినిపించకు. యుద్ధంలో ఆఖరి గుండు పేల్చింది నేనేనని అందులో రాశాను. అది అబద్ధం కాదు. నిజమని కూడా చెప్పలేకపోతున్నాను.

పదకొండింటికి యుద్ధం ఆగిపోతుందని నిన్న పొద్దున్నే చెప్పారు. ఆఖరి గుండు నాదంటే నాదని అందరూ కొట్లాడుకున్నారు. చివరికి సార్జెంట్ డోర్సీ ఫిరంగి పేల్చే తాడుకి పొడుగాటి మోకు కట్టాడు. "రండ్రా, అందరూ చెయ్యెయ్యండి! రేపు మనవలడిగితే అంట్లు తోమామని చెప్పుకుంటారా?" అన్నాడు. వంటవాడితో సహా బారులు తీరి, నవ్వుకుంటూ లాగాం.

సాయంత్రం జర్మన్లు సిగరెట్ల కోసం మా వైపు వచ్చారు. ఒకడు మాత్రం తీసుకోలేదు. యుద్ధానికి ముందు మన అమెరికాలోనే, మిల్వాకీలో పనిచేశాడట, ఇంగ్లీషు వచ్చు.

"ఇంక అయిపోయిందని మా తమ్ముడు చొక్కా ఆరేయడానికి గోతిలోంచి లేచాడు. మీ ఆఖరి గుండుకే పోయాడు. ఎవరు పేల్చారు?" అన్నాడు. కోపంగా కూడా అడగలేదు.

పొద్దున "నేనే, నేనే" అన్నవాళ్లం, ఒకరి వెనక ఒకరం జరిగాం.

మన ఊళ్లో బ్రాంట్ వాళ్ల గడ్డికొట్టం చట్రాన్ని లేపి నిలబెట్టేటప్పుడు ఊరంతా మోకు లాగుతుంటే, "ఒరేయ్, అది మోకురా, నీ పెళ్లాం చెయ్యి కాదు, లాగు!" అని అరిచావు గుర్తుందా? ఎవడు లాగుతున్నాడో, ఎవడు ఊరికే పట్టుకున్నాడో నీకు చూడగానే తెలిసిపోయేది. మోకు నా చేతిలో బిగుసుకోవడం నాకు గుర్తుంది. లాగానో లేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

ఇంటికొచ్చాక నా చేతికి ఒక మోకు ఇచ్చి చూడు నాన్నా. నువ్వేం చెబితే అది నమ్ముతాను.

నీ కొడుకు