రాకుండానే పోయిన టైం

గురువారం రాత్రి, శంషాబాద్

పొద్దున ఎయిర్‌పోర్టు కార్గో గోదాము గేటును నడిపే, సర్వర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చాం. మారేటప్పుడు అది కాసేపు నిద్రపోతుంది. లేచాక దాని దిక్కుమాలిన గడియారం ఆగినచోటి నుంచే నడిచింది. పూల లోడుతో సరిగ్గా తనకిచ్చిన వేళకే వచ్చిన డ్రైవర్ యాదగిరన్నను గేటు "ఇంకా టైం కాలేదు" అని ఆపేసింది. నేను కనిపెట్టి సరిచేసేసరికి గడియారం అతని టైం మీంచి ఒక్కసారిగా అసలు టైంకు దూకింది. గేటు ఈసారి "టైం దాటిపోయింది" అంది.

విమానం వెళ్లిపోయింది. ఆలస్యం డ్రైవర్‌దేనని మేనేజర్ గారు తేల్చేశారు. ఎంత చెప్పినా వినరే!

"గట్లెట్ల తమ్మీ? జర చెప్పు, నా టైం ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది?" అన్నాడు యాదగిరన్న.

రానేలేదని చెప్పలేక తెర మీది గేటు గడియారం వైపు చూశాను. అప్పటికది సరిగ్గానే నడుస్తోంది.