నాలుగో నీలి డబ్బా దొరికేదాకా

నేను, బొల్లెపల్లి కురుమయ్య, తండ్రి బీరప్ప, వయసు అరవై ఎనిమిది, చౌటుప్పల్ నివాసి, పాత డబ్బాలతో సైకిళ్లకు సామాను పెట్టెలు చేసే పనివాడిని. మతి సరిగానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా నా చేతితోనే ఇది రాస్తున్నాను. ఇంతకు ముందు వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు స్వర్ణది.

1. ఇల్లు, వెనుక జాగా నా భార్య మారెమ్మకు జీవితాంతం. తర్వాత పిల్లలిద్దరికీ సమానంగా. పెరట్లో పేర్చిన నూనె డబ్బాలు చూసి ముప్పై ఏళ్లుగా "గిది ఇల్లా, తుక్కు దుకాణమా?" అంటున్నది. నేను పోయాక అవి అమ్మేసి మల్లెపందిరి వేసుకోవచ్చు. అడిగినప్పుడే వేయాల్సింది.

2. పక్క దుకాణం ఐలేశానికి ఏమీ లేదు. డబ్బాను క్యారియర్‌కు తగిలించే కొక్కెం తన తెలివేనని ఊరంతా చెప్పుకున్నాడు. దాన్ని మొదట వంచింది నేను. అతను సన్న కడ్డీతో చేశాడు, గుంతలో పడగానే విరిగింది. ఆ విరిగినది మాత్రం అతనిదే.

3. నా సైకిల్ వెనుక ఉన్న జత డబ్బాలు ఆకుకూరలమ్మే యాదలక్ష్మికి. ఈ ఎండాకాలం నేను కంటి ఆపరేషన్‌కు దవాఖానలో ఉండగా, నా కొడుకు పరశురాం ఏదో మందుల కంపెనీ పారేసిన నీలి డ్రమ్ములు తెచ్చి, కోసి, నాలుగు డబ్బాలు చేసి అమ్మాడు. ఒకటి ఈమెకు. నెల తిరక్కముందే చేతులు పొక్కాయి. "అన్నా, కూర వాసనొస్తాందని ఎవ్వరు తీసుకుంటలేరు" అని నా ముందు నిలబడింది. దాన్ని ముక్కలు చేసి కొత్తది ఇస్తానంటే వద్దన్నది. మళ్లీ గంప నెత్తికెత్తుకుంది. నా డబ్బాలు మా ఇంట్లో వంటకు వాడుకున్న నూనెవని చెప్పండి. అయినా వద్దంటే బతిమాలకండి, గడప దగ్గర పెట్టి రండి.

4. నా నోటుబుక్కులు స్వర్ణకు. ఏ డబ్బాలో ముందు ఏముండేది, ఎవరు తీసుకెళ్లారు, అన్నీ రాసి ఉన్నాయి. ఆరో తరగతిలో ఆమె పుస్తకాలకు చేసిన బిస్కెట్ల రేకు పెట్టె కూడా ఆమెకే. మూత ఇప్పటికీ బిగుతుగా పడుతుంది.

5. దుకాణం, రేకు కత్తెరలు, సుత్తులు, డ్రిల్లు మిషను పరశురాంకు, కానీ వెంటనే కాదు. కోప్పడితే "సర్ఫేసి కడిగిన గదనే నాయినా, గంత ఫికరెందుకు?" అన్నాడు. సబ్బుకు పోయేదైతే కంపెనీవాళ్లు ఆ డ్రమ్ములు పారేసుకుంటారా? కొన్నవాళ్ల పేరు ఒక్కటీ రాసుకోలేదు. రెండు డబ్బాలు తాపీ మేస్త్రీల దగ్గర దొరికాయి. నాలుగోదాని గురించి అడిగితే, "ఎవరో ముసలాయిన. ఏదో బడికాడ మురుకులమ్ముతడట" అన్నాడు. అన్నం తింటూ అన్నాడు ఆ మాట.

ఆ డబ్బా పట్టుకుని, కోసేసి, ఆ పెద్దమనిషికి కొత్తది కట్టించి, అతని పేరు నా నోటుబుక్కులో పరశురాం తన చేత్తో రాయాలి. అందాకా దుకాణం తాళం స్వర్ణ దగ్గరే ఉండాలి. తల్లి ఏడ్చినా ఇవ్వొద్దు.

6. నేను బతికుండగానే వాడు ఆ పేరు రాస్తే, ఈ కాగితం చించి తాళం వాడి చేతిలో పెడతాను. చిట్యాల దాకా పదకొండు బళ్లు నేనే తిరిగి చూశాను. మోకాళ్లు ఇక సాగడం లేదు. నల్లగొండ దిక్కువన్నీ మిగిలే ఉన్నాయి.

చౌటుప్పల్, 6 నవంబరు 2023.

(సంతకం) బొల్లెపల్లి కురుమయ్య

మా ఎదుట సంతకం చేశాడు:
1. రామచంద్రం, సైకిల్ మెకానిక్
2. గురవయ్య, రిటైర్డ్ పోస్ట్‌మన్