దిష్టి చుక్క

బుధవారం, పంజాగుట్ట

ఆపరేషన్ ఏ వైపో పొరబడకూడదని నిన్న సాయంత్రమే శిరీష కుడి చెంప మీద నల్ల మార్కర్‌తో బాణం గీశాను. ఉదయం థియేటర్లో చూస్తే బాణం లేదు. ఎడమ చెంప మీద నల్లటి చుక్క ఉంది. మత్తు ఇవ్వడం ఆపమని చెప్పి వాళ్ళమ్మను పిలిపించాను.

“గా గీత మంచిగ లేదని కొబ్బరినూనెతోని తుడిచిన సార్. దిష్టి తగలొద్దని గీ పక్క కాటుక పెట్టిన,” అంది.

కోపం కూడా రాలేదు. స్కాన్ ఇంకోసారి చూసి బాణం మళ్ళీ గీశాను.

లాలాజల గ్రంథికి అరుదుగా వచ్చే క్యాన్సర్. నరం వెంబడే పాకుతుంది. “మూతి వంకరైతే ఇంటర్వ్యూలకు ఎట్ల పోవాలె సార్?” అని మొన్న ఆ పిల్ల అడిగింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ ఈమధ్యే పూర్తయింది. చూద్దామమ్మా అన్నాను. తెరిచి చూస్తే ముఖాన్ని కదిలించే నరం గడ్డలోనే ఉంది. నరంతో సహా కోసేశాను. గడ్డ మొత్తం వచ్చేసింది. అప్పుడేమీ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

సాయంత్రం వార్డులో, అందరినీ అడిగినట్టే, “ఒకసారి నవ్వమ్మా” అన్నాను.

పెదవి ఎడమ వైపు మాత్రమే లేచింది. దాంతోపాటు, ఎవరూ తుడవని ఆ కాటుక చుక్క.