కెమెరా వైరు మళ్ల పెట్టకు

రిషి అన్నా,

కంప్యూటర్ మీది కెమెరా వైరు పీకేసిన, మళ్ల పెట్టకు. నీ అమీర్‌పేట జావా క్లాసులు లైవ్‌ల చూపియ్యనీకి వారమంతా వెతికి, పాస్‌వర్డ్ లేని ఫ్రీ సాఫ్ట్‌వేరే తీసుకున్నవ్. వద్దంటే వినలే. సోమవారం ట్రయల్ వేసి ఆపుడు మరిచినవ్. మూడు రోజుల సంది మన ఇల్లే నెట్‌ల నడుస్తుంది. ముప్పై మంది చూస్తున్నరు. "అమ్మ పొద్దుటి గోలీ వేసుకోలే" అని ఒకడు వీడియో కింద రాసిండు. నిజంగనే వేసుకోలే. ఆమెకు చెప్పలే, భయపడుతది. మధురానగర్ పిన్ని ఇంటికి తీస్కపోతున్న. పప్పు పొయ్యి మీద ఉంది, తిను.

నవీన

చెప్పులేసుకుంటుంటే స్క్రీన్ మీద వాడు ఇంకోటి రాసిండు: "పిన్ని ఇల్లు మధురానగర్‌ల ఏ గల్లీ?" వైరు పీకకముందు అమ్మతో అన్న మాట విన్నట్టున్నడు. అక్కడికి పోతలేం. ఎక్కడికో ఇక్కడ రాయ. ఫోన్ చెయ్.