మూర్తిగారి పేరుకున్న తోక

గురువారం, ఆగస్టు 1999

ఈ రోజు ఆఫీసులో యాదమ్మను అందరి ముందూ తిట్టాను. మా ఫ్లోర్‌లో టీ ఇచ్చేది ఆమే. కప్పులన్నీ ఒకేలా ఉంటాయని వాటిపై పేర్ల స్టిక్కర్లు ఉంటాయి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉన్న పాతవి చిరిగిపోతే, నిన్న నేనే అన్ని పేర్లూ క్యాపిటల్ అక్షరాల్లో అచ్చుతీసి అంటించాను. ఈ రోజు షుగర్ ఉన్న మూర్తిగారికి చక్కెర టీ వెళ్లింది. ఆయన ఒక గుక్కతోనే ఆపేశారు.

"పేరు చూసి ఇవ్వలేవా?" అని అరిచాను.

"నాకు సదువు రాదమ్మా. సారు పేరుకు చివర్ల తోక కిందికి దిగుతుండె, అది సూసి ఇస్తుంటి. ఇప్పుడు ఏ పేరుకూ తోక లేదు," అంది. Murthy చివరి చిన్న y తోక అది; క్యాపిటల్ Yకి ఉండదు.

స్కాన్ చేసిన అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాం రాయడం నా ఉద్యోగం. అచ్చు మారితే అదీ తడబడుతుంది. ఆరు నెలలుగా దాన్ని ఓపిగ్గా సరిదిద్దుతున్నాను. ఎవరూ నేర్పకుండానే ఇరవై పేర్లు గుర్తుపెట్టుకున్న మనిషిని మాత్రం ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయాను.

సాయంత్రం ఆమే కప్పులు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తప్పయిందమ్మా. సారు పేరు ఏదో జర సూపియ్యుర్రి, మళ్ల నేర్చుకుంట," అంది.

తప్పయిందని అనాల్సింది నేను. మూర్తిగారి కప్పు మీద వేలు పెట్టి చూపించాను, అంతే. తలెత్తి ఆమె ముఖం చూడలేదు.